మసీదు వీధి నుంచి ఇరవై ఒక్కమంది

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు తాలూకు కొలతలు నాకు బాగా గుర్తు. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు. రంగుల్లో అచ్చు వేయించి, కర్రలకు బిగించి, ఊరి సెంటర్లో నలుగురికీ కనపడేలా నిలబెట్టించాను కూడా.

కొత్తగా టీచరు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో మీరు సాధించిన గొప్ప విజయం ఒకటి చెప్పండి" అంటుంటారు. చెప్పుకోదగ్గది ఒకటి ఉంది. కాకపోతే అందులో తప్పు నాది, విజయం ఇంకొకరిది. అందుకే ఫోన్లో చెప్పకుండా కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

నేను చివరి పదేళ్ళు పనిచేసింది సత్తెనపల్లికి అరగంట బస్సు దూరంలో ఉన్న ఒక పెద్ద ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో. లెక్కల టీచర్ని. ఊరి చుట్టూ పత్తి, మిరప. పంట ఇళ్ళకు చేరిన దగ్గర్నుంచి క్లాసులో కూర్చున్నా ఘాటు ముక్కుకు తగులుతూనే ఉండేది. ఒక పిల్ల తుమ్మితే బెంచీ మొత్తం వరసగా తుమ్మేది.

బడికి ఒక అర కిలోమీటరు దూరంలో మసీదు వీధి. యాభై అరవై ఇళ్ళు ఉంటాయి. మగవాళ్ళు పరుపులు కుట్టడం, మెకానిక్ పని, ఆటోలు నడపడం లాంటివి చేసేవాళ్ళు. ఆడవాళ్ళు చాలామంది గడప దాటకుండా, వ్యాపారులు బస్తాల్లో పంపిన మిరపకాయలకు తొడిమలు తీసి ఇచ్చేవాళ్ళు. ఆ వీధి ఆడపిల్లలు ఆరు, ఏడు తరగతుల దాకా చక్కగా బడికొచ్చేవారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయేవారు. గొడవేమీ ఉండదు. మానిపిస్తున్నామని ఎవరూ వచ్చి చెప్పరు. ఒక సోమవారం ఆ పిల్ల రాదు, అంతే. కొన్నాళ్ళు చూసి రిజిస్టర్లో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేదాన్ని. అలా కొట్టిన గీతల్లో నా చేతివే చాలా ఉన్నాయి.

అలాంటి వీధి నుంచి ఒక పిల్ల తొమ్మిదో తరగతి దాకా వచ్చింది. తండ్రి పరుపులు కుట్టేవాడు. ఆటో వెనక దూది ఏకే యంత్రం బిగించుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఇంట్లో తొడిమలు తీసి వచ్చిన రోజున ఆ పిల్ల వేళ్ళు మండుతుండేవి. పెన్ను వేళ్ళతో పట్టుకోలేక పిడికిట్లో బిగించి రాసేది. అలా రాసినా లెక్క తప్పేది కాదు. నేను బోర్డు మీద అయిదు మెట్లలో చేసిన లెక్కను మూడు మెట్లలో చేసి, "ఇలా కూడా వస్తుంది కదా మేడమ్" అని మెల్లగా అడిగేది. అడిగినట్టే ఉండేది గానీ, నాకు చెప్పడమే అది.

ఎనిమిదో తరగతి అయ్యాక ఆ పిల్లని మానిపించకుండా ఉంచడానికి నేను వాళ్ళింటికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి తండ్రి ఒప్పుకున్నాడు.

"పదో తరగతి దాకా పంపుతానండీ. కానీ ఒక్క మాట మేడమ్ గారూ. మా పిల్ల బడికొచ్చినట్టు ఉండాలి, పోయినట్టు ఉండాలి. నలుగురి నోళ్ళలో పడకూడదు. మీ పూచీ."

"నా పూచీ" అన్నాను.

ఆ మాట ఇచ్చి ఏడాది తిరిగింది, మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ప్రైవేటు బడుల పసుపు బస్సులు ఊళ్ళోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్న రోజులు. మన బడి మంచిదని చెప్పుకోకపోతే సెక్షన్లు ఎత్తేస్తారని హెచ్.ఎం. గారికి దిగులు. సెంటర్లో ఫ్లెక్సీ పెడదామన్నారు. ఎవరి ఫోటో పెడదాం అనగానే నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఆ పిల్ల మండల స్థాయి లెక్కల పోటీలో మొదటి బహుమతి తీసుకున్న రోజున నా సెల్‌ఫోన్లో తీసిన ఫోటో ఒకటి ఉంది. నవ్వుతోంది. తల మీద చున్నీ కాస్త జారింది. ఆ నవ్వు కోసమే ఆ ఫోటో ఇచ్చాను.

హెచ్.ఎం. గారు భయస్థుడని మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఆయనే అడిగారు. "వాళ్ళింట్లో ఒక మాట చెప్పారా అమ్మా?"

"చెప్పడమెందుకండీ? చూసి సంతోషిస్తారు" అన్నాను.

ఫ్లెక్సీ పెట్టిన మూడు రోజులకి పొద్దున్నే ఆ పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఆటో దూరంగా ఆపి, నడిచి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అరిచినా బాగుండేది. అరవలేదు.

"ఆ బొమ్మ కింద టీ కొట్టు ఉందండీ. పొద్దుగూకులూ కుర్రాళ్ళు అక్కడే ఉంటారు. ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. స్టేటస్‌లు పెట్టారు. నిన్న పక్కూళ్ళో పరుపు ఇచ్చి డబ్బులు తీసుకుంటుంటే, ఎవడో 'మీ అమ్మాయేనా, బాగుంది' అన్నాడు. చదువు బాగుందన్నాడో, ఏం బాగుందన్నాడో నాకు తెలీదు. నేను తలొంచుకుని వచ్చేశాను."

నేనేదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీరు చెడు చేయాలని చేయలేదండీ. అది నాకు తెలుసు. పిల్ల ఇక రాదు. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

గంటలో ఫ్లెక్సీ దింపించాను. దింపితే ఏం లాభం, అప్పటికే ఎన్ని ఫోన్లలోకి ఎక్కిందో. జూన్‌లో బడి తెరిచారు. ఆ పిల్ల రాలేదు. ఆ పిల్లతో పాటు మసీదు వీధి నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉండాల్సిన మరో ఆరుగురు కూడా రాలేదు. పరుపులాయన కూతురికి జరిగింది మన పిల్లకి జరగదని ఏమిటి అనుకున్నారట. ఒక్క ఫోటోతో ఏడుగురిని మాన్పించాను. వాళ్ళ మీద కక్ష కట్టి కూర్చున్నా ఇంత పని చేయలేకపోయేదాన్ని.

వారం ఆగి, ధైర్యం తెచ్చుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి పనికి పోయాడు. నడవలో మిరపకాయల కుప్ప. దాని ముందు ఆ పిల్ల కూర్చుని తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచింది, మళ్ళీ కూర్చుంది. తలెత్తలేదు. తల్లి నాకు కుర్చీ వేసింది. అంతకుముందు వెళ్ళిన మూడుసార్లూ ఆమె తెర వెనక నుంచే విన్నది. ఆ రోజు ఎదురుగా కింద కూర్చుంది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో.

"తప్పు నాదమ్మా. క్షమించండి" అన్నాను.

ఆమె ఆ మాట పక్కన పెట్టి, "ఆ బొమ్మలో మా పిల్ల పక్కన ఇంకెవరూ లేరేం మేడమ్?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "ఫస్ట్ వచ్చింది మీ అమ్మాయే కదమ్మా. అందుకని ఒక్కదాన్నే వేశాం."

"అదే" అంది. తర్వాత వరసగా అడిగింది. బడికి ప్రహరీ నాలుగువైపులా ఉందా? ఆడపిల్లల బాత్రూమ్‌కి లోపలి గడియ పడుతుందా? సాయంత్రం స్పెషల్ క్లాసులు ఎన్నింటికి వదులుతారు? ఆ వేళకి గేటు దగ్గర పెద్దవాళ్ళెవరైనా ఉంటారా?

నేను చదువు గొప్పదనం గురించి చెప్పడానికి సిద్ధపడి వెళ్ళాను. ఆమె అడిగిన నాలుగింటిలో ఒక్కదానికే ధైర్యంగా జవాబు చెప్పగలిగాను. ప్రహరీ ఉంది. గడియ పడదు. అది విరిగి చాలాకాలమైంది. పిల్లలు ఇద్దరిద్దరు వెళ్ళి, ఒకళ్ళు తలుపు పట్టుకుని నిలబడేవారు. రోజూ చూసేదాన్నే.

"ఈ పని అయ్యాక ఏం చేస్తున్నావురా?" అని వచ్చేస్తూ ఆ పిల్లని అడిగాను.

"ఏమీ లేదు మేడమ్" అంది.

బడికి తిరిగి వచ్చి హెచ్.ఎం. గారితో అంతా చెప్పాను. ఏమీ ఉపయోగం లేదండీ, వాళ్ళమ్మ గడియలూ గోడలూ అడుగుతోంది అన్నాను. ఆయన లేచి వెళ్ళారు. గంట తర్వాత చూస్తే, స్టాఫ్ రూమ్ వెనక ఆయనే స్వయంగా స్క్రూ డ్రైవర్ పట్టుకుని, చొక్కా చేతులు మడిచి, బాత్రూమ్ తలుపుకి కొత్త గడియ బిగిస్తున్నారు. "ఆవిడ అడిగిందే అసలైన ప్రశ్న అమ్మా. మనకి ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన వెనక నవ్వడం మానేశాను.

తర్వాత రెండు వారాల్లో ఏం జరిగిందో ఆ రోజుల్లో నాకు తెలీదు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఆ తల్లే చెప్పింది.

అంతవరకు ఇంట్లోనే తొడిమలు తీసే ఆ మనిషి, వీధి చివర ఉన్న గోడౌన్‌కి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ మసీదు వీధి ఆడవాళ్ళు ముప్పై మంది దాకా గుండ్రంగా కూర్చుని పని చేస్తారు. ఈమె రోజుకొకరి పక్కన కూర్చునేది. చేతులు తొడిమలు తీస్తుండగా మెల్లగా అడిగేది. మీ అమ్మాయిని ఎందుకు మాన్పించావు? ఒకామె ఊళ్ళో మాటలకు భయమంది. ఒకామె దారిలో టీ కొట్టు అంది. ఇంకొకామె, మా ఆయన ఒప్పుకున్నా హజ్రత్ గారు ఊరుకోరంది. హజ్రత్ అంటే వాళ్ళ మసీదు ఇమామ్ గారు.

దాంతో ఈమె నలుగురిని వెంటబెట్టుకుని ఇమామ్ గారింటికి వెళ్ళింది. వెళ్ళి ఆయన భార్యతో చెప్పింది. ఆమె లోపలికి వెళ్ళి ఆయన్ని అడిగింది. ఇమామ్ గారు తలుపు అవతల నుంచి చెప్పిన జవాబు ఈమె నాకు అచ్చం ఆయన గొంతులోనే చెప్పి చూపించింది.

"ఆడపిల్లలు చదవొద్దని నేనెప్పుడన్నాను? ఇన్నేళ్ళుగా నన్నెవరూ అడగలేదే! పోతే మర్యాదగా పోవాలి, మర్యాదగా రావాలి. అంతే. మా మనవరాల్ని కూడా తీసుకుపొండి."

ఈ మాట విన్నప్పుడు నేను నవ్వాను గానీ, లోపల చురుక్కుమంది. ఏళ్ళ తరబడి ఆ మసీదు ముందు నుంచి నడిచాను. ఆయన వద్దంటాడని నాకు నేనే అనుకుని తల పక్కకు తిప్పుకుని పోయాను. ఒక్కసారి ఆగి అడిగింది లేదు.

జూలై మొదట్లో ఒక సోమవారం. ప్రార్థన జరుగుతోంది. గేటు వైపు నిలబడిన పిల్లలు ఒక్కొక్కరే తల తిప్పి చూడడం మొదలుపెట్టారు. వరస చెడగొడుతున్నారని కోప్పడబోయి నేనూ అటు చూశాను.

రోడ్డు మీద వస్తున్నారు. మధ్యలో ఆడపిల్లలు, రెండేసి మంది చొప్పున, తల నిండా చున్నీలు కప్పుకుని, చేతుల్లో సంచులు. ఇరువైపులా నల్ల బురఖాల్లో తల్లులు, అమ్మమ్మలు. అందరికన్నా వెనక, మనిషి నడిచేంత నెమ్మదిగా, పరుపులాయన ఆటో. దూది యంత్రం దింపేసినట్టున్నాడు, వెనక పిల్లల క్యారియర్లూ నీళ్ళ సీసాలూ ఉన్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. బడి ఎదురుగా సోడా బండి ముందు కూర్చున్న మగవాళ్ళు ఎందుకు లేచారో వాళ్ళకే తెలీదు. లేచి నిలబడ్డారు.

ప్రార్థన పాడే పిల్లలు మధ్యలోనే ఆపేశారు.

నేను గేటు దగ్గరకు పరిగెత్తినట్టే వెళ్ళాను. యాభై దాటిన దాన్ని, ఉబ్బసం ఉన్నదాన్ని. ముందు వరసలో నా పిల్ల, పరుపులాయన కూతురు. ఈసారి తలెత్తి చూసింది. లెక్కపెట్టాను. ఇరవై ఒక్కమంది. జూన్‌లో మానేసిన ఏడుగురే కాదు. మిగతా పద్నాలుగు మంది అంతకుముందు ఏళ్ళలో మానేసినవాళ్ళు. నా రిజిస్టర్లలో నేను కొట్టేసిన పేర్లు. ఒకమ్మాయి ఏడో తరగతిలో మానేసింది, ఇప్పుడు నాకన్నా ఎత్తుంది. ముందు గుర్తుపట్టలేకపోయాను.

నా పిల్ల తల్లి ముఖం మీది ముసుగు పైకి తీసి నా ముందు నిలబడింది. ఊపిరి ఎగపోస్తోంది.

"ఇంతమందా అమ్మా?" అన్నాను.

"ఒక్కదాన్ని పంపితే ఊరి కళ్ళన్నీ దాని మీదే కదా మేడమ్. ఫస్ట్ వచ్చినా అదే, ఫెయిలైనా అదే. ఇప్పుడు చూడమనండి. ఎవర్నని చూస్తారు?"

తండ్రి ఆటో దిగి వచ్చాడు. మా ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషేనా అనిపించింది. కాస్త సిగ్గుపడుతూ, "ముందు నేను కాదన్నానండీ. పది రోజులు మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు" అన్నాడు. అమ్మమ్మల్లో ఒకామె ఫక్కున నవ్వింది.

పిల్లలూ, మీకు నా సంగతి ఒకటి చెప్పాలి. మా పేట నుంచి హైస్కూలు మెట్టెక్కిన మొదటి ఆడపిల్లని నేనే. మా అమ్మా నాన్న కూలికి పోయేవాళ్ళు. మా చర్చి పాస్టరు గారి భార్య నా చెయ్యి పట్టుకుని బడిలో చేర్పించింది. రెండు మైళ్ళు ఒక్కదాన్నే నడిచేదాన్ని. ఒక్కదాన్నే చివరి బెంచీలో కూర్చునేదాన్ని. అన్నం గిన్నె తెరిచి ఒక్కదాన్నే తినేదాన్ని. అదంతా గొప్పేనని ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాను. పైకి రావాలంటే ఒంటరిగానే రావాలి అనుకున్నాను. అందుకే ఎక్కడ తెలివైన పిల్ల కనిపించినా, గుంపులోంచి వేరు చేసి ముందు నిలబెట్టడమే నా పని అనుకున్నాను. అదే సాయం అనుకున్నాను. ఆ ఒంటరితనం ఎంత బరువో, దాన్ని నలుగురూ పంచుకుని తగ్గించవచ్చని, అక్షరం రాని ఒక మనిషి మిరపకాయల కుప్ప ముందు కూర్చుని ఆలోచించి చూపించేదాకా నాకు తెలీదు. గేటు దగ్గర నిలబడి ఆమెను చూస్తుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఇబ్బంది పడుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, పెట్టాల్సింది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. వయసు దాటిపోయినవాళ్ళని ఏ తరగతిలో చేర్చాలన్నది పెద్ద తలనొప్పి. కొందరిని ఓపెన్ స్కూల్లో చేర్పించాం. "రూల్స్ నేను చూసుకుంటాను, మీరు పాఠాలు చూసుకోండి" అన్నారు మా భయస్థుడు హెచ్.ఎం. గారు. తల్లులు వంతులు వేసుకుని రోజుకు ఇద్దరు చొప్పున సాయంత్రం గేటు దగ్గర కూర్చునేవారు. ఇరవై ఒక్కమందిలో నలుగురికి పదో తరగతి కాకముందే పెళ్ళిళ్ళయ్యాయి. వాళ్ళని ఆపలేకపోయాం. మిగతావాళ్ళు పాసయ్యారు, కొందరు రెండోసారి రాసి. నా పిల్ల, ఇంకో పదిమంది కలిసి సత్తెనపల్లి వెళ్ళి ఇంటర్‌లో చేరారు, ఒకే బస్సులో. ఆ పిల్ల ఇప్పుడు లెక్కల్లో పీజీ చేస్తోంది. తల్లి నేను రిటైరయ్యే ఏడాది మా బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ అయింది. మొదటి మీటింగులోనే పిల్లల మంచినీళ్ళ గురించి హెచ్.ఎం. గారికి చెమటలు పట్టించింది. ఇమామ్ గారి మనవరాలు నర్సింగు చదువుతోంది. మసీదు వీధిలో ఆడపిల్ల పుస్తకాల సంచితో వెళ్తుంటే ఇప్పుడెవరూ తిరిగి చూడరు.

ఆ సోమవారం మొదటి పీరియడ్ నాదే. ఎవరికి ఏమొచ్చో చూసి తరగతులు తేల్చేదాకా ఇరవై ఒక్కమందినీ పాత డ్రాయింగ్ హాల్లో కూర్చోబెట్టారు. బెంచీలు చాలక చాపలు వేశాం. వాళ్ళ పేర్లు ఆ ఏడాది రిజిస్టర్లలో లేవు కనక, ఒక తెల్ల కాగితం తీసుకుని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. రాసుకున్నాక అలవాటు ప్రకారం హాజరు పిలిచాను.

మొదటి పేరు ఆ ఎత్తు పిల్లది. బడి మానేసి మూడేళ్ళయింది. హాజరు పిలిస్తే ఏమనాలో మర్చిపోయినట్టుంది. గభాలున లేచి నిలబడి, చున్నీ సర్దుకుని, "ఉన్నానండీ" అంది.

ఎవరూ నవ్వలేదు. రెండో పిల్ల కూడా లేచి అదే మాట అంది. మూడో పిల్ల కూడా. నా పిల్లకైతే "ప్రెజెంట్ మేడమ్" అనడం బాగా తెలుసు. తన వంతు వచ్చేసరికి అదీ లేచి నిలబడి, మిగతావాళ్ళ లాగే, "ఉన్నానండీ" అంది.

ఇరవై ఒక్క పేర్లూ పిలిచాను. ఇరవై ఒక్కసార్లూ ఆ మాట విన్నాను. తర్వాత సుద్దముక్క చేతిలోకి తీసుకుని బోర్డు వైపు తిరిగి, బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడిపోయాను.